డెస్క్‌టాప్ టెసరాక్ట్‌ను ఆండ్రాయిడ్ ఫోనుకు క్రాస్ కంపైల్ చేయడం ఎలా?

అచ్చులో ఉన్న తెలుగు పుటను ఫొటో తీసి, అందులోని అక్షరాలను సరిదిద్దుకోగలిగే పాఠంగా మార్చుకోవాలనుకునే వారిలో చాలామంది ముందుగా చేయి చాచేది టెసరాక్ట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం వైపే. 1985 నుంచి 1994 వరకు హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రయోగశాలల్లో తయారై, 2005లో సోర్స్ కోడ్‌తో సహా బయటికి వచ్చి, 2006 నుంచి 2018 వరకు గూగుల్ ఆధ్వర్యంలో పెరిగిన ఈ ప్రోగ్రాం పుట్టింది మాత్రం డెస్క్‌టాప్ కంప్యూటర్ల కోసం. టెర్మినల్‌లో ఒక ఆదేశం ఇస్తే బొమ్మను చదివి పాఠాన్ని ఒక ఫైలులో రాసిపెట్టడం దాని పద్ధతి. దీన్ని సీ++లో రాశారు కాబట్టి సోర్స్ కోడ్‌ను ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ చేసి, ఫోనులో నడిచే ప్రోగ్రాంగా మార్చవచ్చు. క్రాస్ కంపైలింగ్ అనే ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను. వాడుకోవడం ఒక్కటే మీకు కావలసిందైతే, ఫోనులో లైనక్స్ టెర్మినల్ ఇచ్చే టెర్మక్స్ యాప్‌లో టెసరాక్ట్ ప్యాకేజీ సిద్ధంగానే దొరుకుతుంది కనుక ఇంత శ్రమ అక్కరలేదు. మీ సొంత యాప్‌లో దాన్ని ఇమడ్చాలనుకునేవారికి, లేదా ఈ విద్య నేర్చుకుని వేరే ప్రోగ్రాంలకు కూడా వాడాలనుకునేవారికి ఈ వ్యాసం ఉపయోగపడుతుంది.

ఆదేశాలనూ ఆప్షన్లనూ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే ఇవ్వాలి. కంపైలింగ్‌ను నడిపించే సీమేక్ అనే సాధనానికి ఇచ్చే విలువల పేర్లయితే అన్నీ పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య కింది గీతతో ఉంటాయి.

ముందుగా తేల్చుకోవలసిన సంగతి

క్రాస్ కంపైలింగ్‌లో రెండు యంత్రాలు ఉంటాయి: పని జరిగే యంత్రం మీ ల్యాప్‌టాప్, ప్రోగ్రాం నడిచే యంత్రం మీ ఫోను. ఆటోటూల్స్ (కాన్ఫిగర్ స్క్రిప్ట్, మేక్ ఫైళ్లతో నడిచే పాత బిల్డ్ సాధనాలు) పద్ధతిలో మొదటిదాన్ని బిల్డ్ అంటారు, రెండోదాన్ని హోస్ట్ అంటారు. టార్గెట్ అనే మూడో మాట కంపైలర్‌నే కంపైల్ చేసేవారికి తప్ప మనకు పనికిరాదు. హోస్ట్ అనగానే ల్యాప్‌టాప్ అనుకుని తలకిందులుగా రాసేవారు చాలామంది ఉంటారు కాబట్టి ఈ పేర్లను ముందే మనసులో పెట్టుకోండి. ఈ పనిలో ఎదురయ్యే లోపాల్లో చాలా భాగానికి మూలం ఒకటే: ఫోనుకు చెందాల్సిన హెడరో లైబ్రరీయో ల్యాప్‌టాప్ నుంచి రావడం, లేదా ల్యాప్‌టాప్‌లో నడవాల్సిన చిన్న సాధనం ఫోను కోసం తయారైపోవడం. అందువల్ల తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించినప్పుడల్లా, లోపం చెబుతున్న ఫైలు ఏ యంత్రానిదని మొదట అడగండి.

ఫోనులో ఉండేది లైనక్స్ కెర్నెల్ అయినా దాని పైన ఉండే సీ లైబ్రరీ వేరు. ఉబుంటు, డెబియన్ వంటివి గ్లిబ్‌సీ మీద నడుస్తాయి, ఆండ్రాయిడ్‌ది బయోనిక్. ల్యాప్‌టాప్ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే మామూలు ఆర్మ్ 64 జీసీసీ కంపైలర్‌తో కంపైల్ చేసి ఫోనుకు పంపితే, ప్రాసెసర్ సరిపోయినా ప్రోగ్రాం నడవదు. పైగా ఫైలు కళ్లెదుట ఉండగానే 'అలాంటి ఫైలు లేదు' అన్న సందేశం వస్తుంది. దొరకనిది నిజానికి మీ ఫైలు కాదు, ఆ ఫైలు తన వెంట ఉండాలని కోరే గ్లిబ్‌సీ లోడర్. ఈ ఒక్క సందేశం అర్థం కాక ఫోనును తిట్టుకున్నవారు ఎందరో. (పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వంటి అచ్చమైన లైనక్స్ నడిచే ఫోనులకు లెక్క వేరు, అది ఆల్పైన్ మీద కట్టినది కనుక అక్కడ సీ లైబ్రరీ మజల్.)

సామగ్రి

64 బిట్ లైనక్స్ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకుని, అందులో సీమేక్, దాని ఆదేశాల ప్రకారం కంపైలింగ్ నడిపే నింజా, సోర్స్ కోడ్ తెచ్చే గిట్, లైబ్రరీల దారులు చెప్పే ప్యాకేజ్-కాన్ఫిగ్, ఫోనుతో మాట్లాడే ఏడీబీ ఉండేలా చూసుకోండి. ఆ తరువాత ఆండ్రాయిడ్ డెవలపర్ల సైటు నుంచి ఎన్‌డీకే (ఆండ్రాయిడ్ కోసం సీ, సీ++ కోడ్‌ను కంపైల్ చేసే సాధనాల సంపుటి) జిప్ ఫైలును దించుకుని, పేరులో ఖాళీలు లేని ఒక ఫోల్డర్‌లో విప్పండి. వెర్షన్ ఆర్28 గానీ ఆ పైది గానీ అయితే మంచిది. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కేబీ మెమరీ పేజీలతో నడిచే ఫోనులకు మద్దతు వచ్చింది. ఆర్28 తయారుచేసే ఫైళ్లు ఆ కొలతకు వాటంతట అవే సరిపోతాయి. పాత ఎన్‌డీకే వాడక తప్పకపోతే, కంపైలైన ముక్కలను ఒక్కటిగా కలిపే లింకర్‌కు గరిష్ఠ పేజీ పరిమాణం 16384 అని మీరే చెప్పాలి. పాత వ్యాసాల్లో కనిపించే ఎన్‌డీకే జీసీసీ కోసం వెతకకండి. ఆర్18తోనే దాన్ని తీసేశారు, ఇప్పుడున్నది క్లాంగ్ కంపైలర్ ఒక్కటే.

రెండు నిర్ణయాలు ఇప్పుడే తీసుకోవాలి. మొదటిది ఏబీఐ, అంటే ఏ రకం ప్రాసెసర్ కోసం అన్నది. నేటి ఫోనులకు ఆర్మ్64-వీ8ఏ ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లోని ఎమ్యులేటర్‌లో నడపాలనుకుంటే ఎక్స్86-64 కావాల్సి వస్తుంది. రెండోది ఏపీఐ స్థాయి, అంటే ఏ పాత ఆండ్రాయిడ్ వరకు నడవాలన్నది. ఇక్కడ నేను 24 సూచిస్తాను, అందుకు కారణం ఉంది. టెసరాక్ట్ ఆధారపడే లెప్టోనికా అనే లైబ్రరీ, మెమరీలో ఉన్న బొమ్మను ఫైలులాగా చదవడానికి ఎఫ్‌మెమ్‌ఓపెన్ అనే ఫంక్షన్‌ను కోరుకుంటుంది. బయోనిక్‌లోకి అది 23వ స్థాయిలో గానీ రాలేదు. అది లేనప్పుడు లెప్టోనికా తాత్కాలిక ఫైలు రాసే దారి పడుతుంది. డెస్క్‌టాప్‌లో అలాంటి ఫైలు రూట్‌లోని టీఎంపీ ఫోల్డర్‌లో పడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ చోట ఆ ఫోల్డర్ ఉంటుందని నమ్మలేం. ఇలా ఒక ఫంక్షన్ కోసం స్థాయిని పెంచుకోవడం క్రాస్ కంపైలింగ్‌లో తరచూ జరిగే పనే. అక్షర సంకేతాలను మార్చే ఐకాన్వ్, ఫైలు పేర్లను నమూనాతో వెతికే గ్లోబ్ రెండూ బయోనిక్‌లో 28వ స్థాయిలో చేరాయి కాబట్టి, వేరే ప్రోగ్రాం చేపట్టినప్పుడు వాటి వాడకం ఉందేమో ముందుగా కోడ్‌లో వెతికి చూసుకోండి.

ఒక చిన్న ప్రోగ్రాంతో దారి పరీక్షించండి

తిన్నగా టెసరాక్ట్ మీదకు వెళ్లవద్దు. ఒక వాక్యాన్ని తెర మీద చూపే ఐదు పంక్తుల సీ ప్రోగ్రాం రాసి, ఎన్‌డీకేలోని టూల్‌చెయిన్స్, దానిలో ఎల్ఎల్‌వీఎం, దానిలో ప్రీబిల్ట్, దానిలో లైనక్స్-ఎక్స్86_64, ఆ లోపల బిన్ ఫోల్డర్‌లో ఉన్న క్లాంగ్‌తో కంపైల్ చేయండి. అక్కడ క్లాంగ్ చాలా పేర్లతో కనిపిస్తుంది; ఆర్చ్64-లైనక్స్-ఆండ్రాయిడ్24-క్లాంగ్ అన్నది మనది. పేరులోని 24 మనం ఎంచుకున్న ఏపీఐ స్థాయే.

తయారైన ఫైలు మీద 'ఫైల్' అనే ఆదేశం నడపండి. అది ఆర్మ్ ఆర్చ్64 కోసం తయారైందని, పీఐఈ రకం (మెమరీలో ఎక్కడ పెట్టినా నడిచే) ఎగ్జిక్యూటబుల్ అని, దాని లోడర్ సిస్టమ్ ఫోల్డర్ లోపలి లింకర్64 అని చెప్పాలి. ఆండ్రాయిడ్ 5.0 నుంచి పీఐఈ రకం కాని ఎగ్జిక్యూటబుళ్లను సిస్టమ్ నడపనివ్వదు. ఎన్‌డీకే క్లాంగ్ ఆ సంగతి తానే చూసుకుంటుంది గానీ, పాత మేక్ ఫైళ్లు మధ్యలో దూరి దాన్ని మార్చేయవచ్చు.

ఇప్పుడు ఫోనులో డెవలపర్ ఆప్షన్లు తెరిచి యూఎస్‌బీ డీబగ్గింగ్‌కు అనుమతి ఇచ్చి, ఏడీబీ పుష్‌తో ఆ ఫైలును డేటా ఫోల్డర్‌లోని లోకల్‌లో ఉన్న టీఎంపీ ఫోల్డర్‌కు పంపి, నడిపే అనుమతి ఇచ్చి, ఏడీబీ షెల్ నుంచి నడపండి. ఎస్‌డీకార్డ్ అనే పేరుతో కనిపించే నిల్వలో పెడితే మాత్రం ఎన్ని అనుమతులిచ్చినా నడవదు, ఎందుకంటే ఆ నిల్వను ప్రోగ్రాంలు నడవకుండా కట్టడి చేశారు. 'నడపదగినది కాదు, 64 బిట్ ఫైలు' అని షెల్ చెబితే మీరు పంపినది ల్యాప్‌టాప్ కోసం తయారైన ఫైలు అన్నమాట.

ఆధారపడే లైబ్రరీలు

టెసరాక్ట్‌కు లెప్టోనికా కావాలి. లెప్టోనికాకు బొమ్మల రకాలను బట్టి లిబ్‌పీఎన్‌జీ, లిబ్‌జేపెగ్-టర్బో కావాలి. లిబ్‌పీఎన్‌జీకి జెడ్‌లిబ్ కావాలి. ఫోను కెమెరా ఇచ్చేది జేపెగ్ కాబట్టి దాన్ని వదలకూడదు. టిఫ్, జిఫ్, వెబ్‌పీ మొదటి ప్రయత్నంలో వద్దు. డెస్క్‌టాప్‌లో ప్యాకేజీ మేనేజర్ ఒక్క ఆదేశంతో తెచ్చిపెట్టే వరుసను ఇక్కడ మీరే కింది నుంచి పైకి కట్టుకోవాలి. కాస్త ఊరట ఏమిటంటే, జెడ్‌లిబ్ ఆండ్రాయిడ్‌లో భాగంగానే ఎన్‌డీకేతో వస్తుంది.

ఫోనుకు చెందిన వాటన్నిటినీ ఒకే చోట పెట్టడానికి మీ హోమ్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ తెరవండి. దాన్ని ఇక్కడ 'ఫోను గూడు' అంటాను. ప్రతి లైబ్రరీకీ సీమేక్‌ను నడిపేటప్పుడు ఈ విలువలు ఇవ్వాలి. సీమేక్ టూల్‌చెయిన్ ఫైల్ అన్నదానికి ఎన్‌డీకేలోని బిల్డ్ ఫోల్డర్, అందులో సీమేక్ ఫోల్డర్, అక్కడున్న ఆండ్రాయిడ్ టూల్‌చెయిన్ ఫైలు దారి. ఆండ్రాయిడ్ ఏబీఐకి ఆర్మ్64-వీ8ఏ, ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్‌కు ఆండ్రాయిడ్-24. సీమేక్ ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌కు ఫోను గూడు, సీమేక్ ఫైండ్ రూట్ పాత్‌కు కూడా ఫోను గూడే. బిల్డ్ షేర్డ్ లిబ్స్ ఆఫ్ (అంటే లైబ్రరీలు విడి ఫైళ్లుగా కాక ప్రోగ్రాంలోనే కలిసిపోయే స్టాటిక్ రకంగా తయారవుతాయి), సీమేక్ బిల్డ్ టైప్ రిలీజ్.

వీటిలో ఫైండ్ రూట్ పాత్ గురించి ఒక మాట. డెస్క్‌టాప్ అలవాటున్నవారు ప్రిఫిక్స్ పాత్ ఇచ్చి, లైబ్రరీ ఉన్నా సీమేక్ దొరకలేదంటోందని విస్తుపోతారు. ఆండ్రాయిడ్ టూల్‌చెయిన్ ఫైలు, ల్యాప్‌టాప్ లైబ్రరీలు పొరపాటున రాకుండా, రూట్ పాత్ లోపల తప్ప మరెక్కడా వెతకవద్దని సీమేక్‌కు ఆంక్ష పెడుతుంది. ఆ ఆంక్షను సడలించే మార్గాలు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి గానీ, నా మాట వింటే దాన్ని అలాగే ఉంచి మీ గూడును రూట్ పాత్‌లో చేర్చండి. ఆ ఆంక్ష మీకు రక్షణ.

అయితే ఆ రక్షణకు ఒక కన్నం ఉంది, దాని పేరు ప్యాకేజ్-కాన్ఫిగ్. అది సీమేక్ ఆంక్షలను పట్టించుకోదు. తనకు తెలిసిన ల్యాప్‌టాప్ ఫోల్డర్లలో వెతికి, దొరికినదాన్ని తెచ్చి ఇస్తుంది. నేను మొదటిసారి టెసరాక్ట్‌ను ఇలా కడుతున్నప్పుడు టిఫ్ వద్దని చెప్పడం మరిచాను. కంపైలింగ్ అంతా సాఫీగా సాగి, చివరి లింకు దగ్గర ల్యాప్‌టాప్‌లోని లిబ్‌టిఫ్ ఆర్చ్64కు పొసగదని లింకర్ అడ్డుపడింది. ఆ ఫైలును ఎవరు పిలిచారో కనుక్కోవడానికి ఒక సాయంత్రం పట్టింది. మందు సులభమే. ప్యాకేజ్-కాన్ఫిగ్ లిబ్‌డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఫోను గూడులోని లిబ్ ఫోల్డర్, దాని లోపలి పీకేజీకాన్ఫిగ్ దారి పెట్టండి. దీన్నే పోలిన ప్యాకేజ్-కాన్ఫిగ్ పాత్ వద్దు, ఎందుకంటే అది పాత జాబితాకు ఇంకొక చోటు చేర్చుతుందే గానీ పాతవాటిని తీసేయదు. లిబ్‌డిర్ పాత జాబితా మొత్తాన్ని తోసిరాజంటుంది.

ఇక లిబ్‌పీఎన్‌జీ కట్టండి. దాని పరీక్షలు ఫోనులో తప్ప నడవవు కనుక పీఎన్‌జీ టెస్ట్స్ ఆఫ్ చేసి, నింజాతో కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే గూడులోకి చేరుతుంది. లిబ్‌జేపెగ్-టర్బో కూడా ఇదే తీరు. లెప్టోనికా దగ్గర జిఫ్, టిఫ్, వెబ్‌పీ, ఓపెన్‌జేపెగ్‌ల ఎనేబుల్ ఆప్షన్లను ఆఫ్ చేసి, ఎస్‌డబ్ల్యూ బిల్డ్ అనేదాన్ని కూడా ఆఫ్ చేయండి. కాన్ఫిగర్ అయ్యాక సీమేక్ చూపే పట్టికలో పీఎన్‌జీ, జేపెగ్ రెండూ దొరికాయో లేదో, దొరికిన దారి గూడులోదో కాదో చదివి చూసుకోండి. ఇక్కడ రెండు నిమిషాలు ఆగడం వల్ల తరువాత గంటలు మిగులుతాయి.

ఆటోటూల్స్ మాత్రమే ఉన్న లైబ్రరీ ఎదురైతే

టెసరాక్ట్ వరుసలో సీమేక్‌తోనే గట్టెక్కవచ్చు. కానీ వేరే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ చేపట్టిన మరుక్షణం కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఎదురవుతుంది కాబట్టి దాని సంగతీ తెలిసి ఉండాలి. దానికి హోస్ట్ విలువగా ఆర్చ్64-లైనక్స్-ఆండ్రాయిడ్ ఇచ్చి, సీసీ, సీఎక్స్ఎక్స్, ఏఆర్, రాన్‌లిబ్ వేరియబుళ్లను ఎన్‌డీకేలోని సాధనాల వైపు తిప్పాలి. 'ఈ యంత్రాన్ని గుర్తించలేదు' అంటే ఆ సోర్స్‌లోని కాన్ఫిగ్.సబ్ ఫైలు చాలా పాతదన్నమాట. కొత్తది తెచ్చి దాని స్థానంలో పెట్టండి.

కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కు ఒక పాత అలవాటుంది: చిన్న ప్రోగ్రాం కంపైల్ చేసి, అక్కడికక్కడే నడిపి, వచ్చిన జవాబును బట్టి నిర్ణయం తీసుకుంటుంది. ఫోను కోసం తయారైన ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో నడవదు కనుక ఈ పరీక్ష జరగదు. అప్పుడు స్క్రిప్ట్ ఆగిపోతే నయమే; ఎందుకైనా మంచిదని అది తప్పు జవాబు ఊహించుకుంటేనే ప్రమాదం. సున్నా బైట్లు అడిగినప్పుడు, మెమరీని కేటాయించే మాలోక్ ఫంక్షన్ సరిగా పనిచేస్తుందా అన్న పరీక్ష దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. జవాబు తెలియక స్క్రిప్ట్ 'చేయదు' అని రాసుకుంటుంది. కోడ్‌లో మాలోక్ ఉన్నచోటల్లా ఆర్‌పీఎల్-మాలోక్ అని మారిపోతుంది. ఆ పేరుతో ఎక్కడా ఫంక్షన్ లేదని చివర లింకర్ ఫిర్యాదు చేస్తుంది. ఆ పరీక్షకు చెందిన క్యాష్ వేరియబుల్‌కు 'యస్' (అవును) అన్న జవాబును మీరే ముందుగా ఇస్తే చిక్కు విడిపోతుంది.

పీథ్రెడ్ లైబ్రరీని, ఆర్‌టీ లైబ్రరీని జత చేయమని మేక్ ఫైలు అడిగి, అవి దొరకలేదని లింకర్ అంటే ఆ రెండు మాటలూ మేక్ ఫైలులోంచి తీసేయండి. బయోనిక్‌లో థ్రెడ్ల ఫంక్షన్లు సీ లైబ్రరీ లోపలే ఉంటాయి, విడి లైబ్రరీలుగా ఉండవు. మరికొన్ని ప్రోగ్రాంలు కంపైలింగ్ మధ్యలో ఒక సాధనాన్ని తయారుచేసుకుని, దాన్ని నడిపి, అది రాసిన కోడ్‌ను మళ్లీ కంపైల్ చేస్తాయి. అటువంటి సాధనాన్ని ముందుగా ల్యాప్‌టాప్ కంపైలర్‌తో వేరే ఫోల్డర్‌లో తయారుచేసి, ఫోను బిల్డ్‌కు దాని దారి చూపాలి.

టెసరాక్ట్

గూడులో లెప్టోనికా చేరాక టెసరాక్ట్ సోర్స్‌ను గిట్‌తో తెచ్చుకుని, స్థిరమైన 5వ వరుస విడుదలను ఎంచుకోండి. పై విలువలతో పాటు మరికొన్ని ఆప్షన్లు కావాలి. శిక్షణ సాధనాలు ఫోనులో అక్కరలేదు గనుక బిల్డ్ ట్రైనింగ్ టూల్స్ ఆఫ్ చేయండి; వాటిని ఉంచితే ఐసీయూ, పాంగో, కైరో అంటూ కొండవీటి చాంతాడంత జాబితా వెంటపడుతుంది. డిసేబుల్ కర్ల్, డిసేబుల్ ఆర్కైవ్, డిసేబుల్ టిఫ్ మూడూ ఆన్ చేయండి. గ్రాఫిక్స్ డిసేబుల్డ్ కూడా ఆన్ చేయండి. పనిని ప్రాసెసర్ కోర్ల మధ్య పంచే ఓపెన్‌ఎంపీకి చెందిన ఓపెన్‌ఎంపీ బిల్డ్ ఆఫ్ చేయండి. లేకపోతే ఫోనులో నడిపేటప్పుడు లిబ్‌ఓఎంపీ లైబ్రరీ దొరకలేదని ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోయే అవకాశం ఉంది. కొన్ని విడుదలలు ఆండ్రాయిడ్ కోసం కంపైల్ చేసేటప్పుడు గూగుల్ వారి సీపీయూ-ఫీచర్స్ లైబ్రరీని అడుగుతాయి. అడిగితే దాన్నీ మిగతావాటి పద్ధతిలోనే కట్టి గూడులో పెట్టండి.

సీ++ ప్రామాణిక లైబ్రరీ విషయంలో నియమం ఇది. అంతా కలిపి ఒకే ఫైలుగా లింకు చేస్తుంటే స్టాటిక్ రకం చాలు. యాప్‌లో సీ++ షేర్డ్ లైబ్రరీలు రెండు, మూడు ఉంటే అన్నీ షేర్డ్ రకాన్నే వాడాలి. ఒక్కోదానిలో ఒక్కో ప్రతి ఉంటే, ఒక లైబ్రరీ విసిరిన ఎక్సెప్షన్‌ను మరో లైబ్రరీ పట్టుకోలేకపోవడం వంటి అంతుచిక్కని లోపాలు వస్తాయి. షేర్డ్ ఎంచుకుంటే ఆ లైబ్రరీ ఫైలును కూడా మీరే ఫోనుకు పంపాలి, అది ఆండ్రాయిడ్ సిస్టమ్‌లో యాప్‌లకు దొరికేది కాదు.

చివరి లింకులో పీఎన్‌జీ అన్న మాటతో మొదలయ్యే ఫంక్షన్లు దొరకలేదని వస్తే, లెప్టోనికా తన కింది లైబ్రరీల పేర్లను పైకి చేరవేయలేదన్నమాట. స్టాటిక్ లైబ్రరీ తన అవసరాలను తనలో దాచుకోదు. ఎగ్జిక్యూటబుల్ లింకర్ ఫ్లాగుల్లో పీఎన్‌జీ, జేపెగ్, జెడ్ పేర్లు చేర్చితే పని పూర్తవుతుంది. తయారైన ఫైలును ఎన్‌డీకేలోని ఎల్ఎల్‌వీఎం-స్ట్రిప్‌తో వడగడితే డీబగ్ సమాచారం పోయి పరిమాణం బాగా తగ్గుతుంది.

ఫోనులో తెలుగు చదివించడం

ఎగ్జిక్యూటబుల్‌ను ఇందాకటి టీఎంపీ ఫోల్డర్‌కు పంపి, ముందు వెర్షన్ ఆప్షన్‌తో నడపండి. లెప్టోనికా వెర్షన్, దానికి తోడైన బొమ్మల లైబ్రరీల పేర్లు అక్కడే కనిపిస్తాయి. జేపెగ్ పేరు లేకపోతే వెనక్కి వెళ్లి లెప్టోనికాను మళ్లీ కట్టాలి. నియాన్ దొరికిందని కూడా చెబితే ప్రాసెసర్‌లోని వేగవంతమైన ఆదేశాలను అది వాడుకుంటోందని తెలుసుకోవచ్చు.

తెలుగు శిక్షణ ఫైలు పేరులో మొదటి భాగం టెల్. దీనికి ఫాస్ట్, బెస్ట్, మామూలు అనే మూడు సంపుటాలు విడివిడిగా ఉన్నాయి. ఫోనుకు ఫాస్ట్ సరిపోతుంది. టెస్‌డేటా అనే ఫోల్డర్ చేసి అందులో ఆ ఫైలును పెట్టి, టెస్‌డేటా ప్రిఫిక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ ఫోల్డర్ దారి ఇవ్వండి. 3వ వరుసలో ఇక్కడ పై ఫోల్డర్ దారి ఇచ్చేవారు, 4 నుంచి టెస్‌డేటా ఫోల్డర్‌నే చూపాలి. పాత సలహాలు పాటించినవారు చిక్కుపడేది ఇక్కడే. బొమ్మ పేరు, ఫలితం పేరు ఇచ్చి, భాష ఆప్షన్‌గా టెల్ ఇవ్వడం మరవకండి. ఇవ్వకపోతే అది ఇంగ్లిషు శిక్షణ ఫైలు కోసం వెతికి, లేదని ఆగిపోతుంది. ఒత్తులూ గుణింతాలూ స్పష్టంగా కనిపించే, వెలుతురు సమంగా పడిన పుటతో మొదటి పరీక్ష చేయండి. లేకపోతే లోపం మీ బిల్డ్‌లో ఉందో ఫొటోలో ఉందో తేలదు. అదే బొమ్మను ల్యాప్‌టాప్‌లోని టెసరాక్ట్‌కు అదే శిక్షణ ఫైలుతో ఇచ్చి రెండు ఫలితాలను పోల్చి చూడటం ఇంకా మంచి పద్ధతి.

యాప్‌లోకి

ఏడీబీ షెల్‌లో నడిచిన ఎగ్జిక్యూటబుల్‌ను యాప్ తన నిల్వ ఫోల్డర్‌లోకి దించుకుని నడపడం ఇప్పుడు కుదరదు. ఆండ్రాయిడ్ 10ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌ల నుంచి, తాము రాయగలిగే ఫోల్డర్‌లోని ఫైళ్లను అవి నడపకుండా అడ్డుకట్ట వేశారు. అందువల్ల టెసరాక్ట్‌ను షేర్డ్ లైబ్రరీగా కట్టి, యాప్ ప్రాజెక్టులోని జేఎన్ఐలిబ్స్ ఫోల్డర్‌లో ఏబీఐ పేరుతో ఉన్న ఉపఫోల్డర్‌లో పెట్టి, జేఎన్ఐ (జావా, కోట్లిన్ కోడ్ నుంచి సీ++ ఫంక్షన్లను పిలిచే మార్గం) ద్వారా పిలవండి. ఫైలు పేరు లిబ్‌తో మొదలై .ఎస్ఓతో ముగియాలి, డెస్క్‌టాప్‌లోలాగా చివర .5 అని వెర్షన్ అంకె తగిలితే అది యాప్ ప్యాకేజీలోకి చేరదు. శిక్షణ ఫైలును అసెట్స్‌లో ఉంచి, యాప్ మొదటిసారి తెరిచినప్పుడు అంతర్గత నిల్వలోకి నకలు తీసి, ఆ దారిని ఇనిట్ ఫంక్షన్‌కు ఇవ్వండి. టెసరాక్ట్‌ది అపాచీ 2.0 లైసెన్సు, లెప్టోనికాది రెండు షరతుల బీఎస్‌డీ. రెండిటి లైసెన్సు పాఠాలనూ యాప్‌లో ఒక పేజీలో చూపితే సరిపోతుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో ఎల్‌జీపీఎల్ లైబ్రరీ ఉంటే మాత్రం స్టాటిక్ లింకుకు ముందు దాని షరతులు చదవండి.

ఎమ్యులేటర్ కోసమో పాత 32 బిట్ ఫోనుల కోసమో మరో ఏబీఐకి కట్టాల్సి వస్తే, అదే బిల్డ్ ఫోల్డర్‌లో విలువ ఒక్కటే మార్చి మళ్లీ నడపకండి. సీమేక్ మొదటిసారి కనుగొన్న లైబ్రరీల దారులను తన క్యాష్‌లో దాచుకుంటుంది కనుక, ప్రతి ఏబీఐకి విడి బిల్డ్ ఫోల్డర్, విడి ఫోను గూడు పెట్టి, లిబ్‌పీఎన్‌జీ నుంచి వరుసంతా మళ్లీ మొదలుపెట్టండి.